పది రూపాయల పొట్లం

పర్లాకిమిడి స్టేషను ఎదర నా కొట్టు.
రీఫిళ్ళు, రబ్బరు బ్యాండ్లు, ఫోను కవర్లు,
పైన తాడుకి వేలాడుతూ వింతజంతువుల కార్డుల పొట్లాలు.
పొట్లం పది. లోపల అయిదు ముక్కలు.
మెరుపు ముక్క పడ్డ పొట్లం వెంట్రుకవాసి బరువు.
ఆ సంగతి నాకు తెలుసు, చెప్పను.
దండాసిగాడికీ తెలుసు, వాడూ చెప్పడు.
అరచేతిలో వేసుకుని, కళ్ళు మూసుకుని,
బంగారం కొట్టు షావుకారిలా తూకం చూస్తాడు.

ముక్కల మీది ఇంగిలీసు ఎవడు చదివాడు!
పేర్లు వీళ్ళే పెట్టుకున్నారు.
మంటతోక. ఇనపబల్లి. మూడుతలల బోదురుకప్ప.
మబ్బుని మింగే చేపకి
బిపిన్ పాణిగ్రాహి ఒడియాలో ఒక పేరంటాడు,
దండాసి తెలుగులో ఇంకోటంటాడు,
చేప రెంటికీ పలుకుతుంది.

మూల గడిలో హెచ్.పి. అని ఉండి, పక్కన ఒక అంకె.
"గ్యాసు బండ కంపెనీ కదేటి?" అన్నాడొకడు.
వారం రోజుల తగువు తర్వాత తేలింది,
అది ప్రాణం.
ఎన్ని దెబ్బలు తిని చస్తుందో ఆ లెక్క.
మంటతోకకి రెండొందల నలభై.
అంతకు మించిన ప్రాణం మా వీధిలో లేదు.

శనివారాలు హాస్టలు నుంచి మితున్ శబర వస్తాడు.
కొనడు. నిలబడి చూస్తాడు.
సెరంగో అవతల కొండ మీద వాళ్ళ ఊరు.
మూడు భాషలొచ్చు,
మూడింట్లోనూ తక్కువే మాటాడతాడు.
మొన్న నన్నో పాత శుభలేఖ అట్ట అడిగాడు.
కత్తెర అడిగాడు. నల్ల స్కెచ్చు పెన్ను అడిగాడు.
అట్టని కార్డు కొలతకి కత్తిరించి
మెట్టు మీద కూచుని చాలాసేపు గీశాడు.

గీసింది ఏనుగుని.
రెక్కల్లేవు, మంటల్లేవు.
కాళ్ళ కింద మొక్కజొన్న కర్రలు,
పక్కనొక చిన్న చతురం, దాని మీద సగం పెంకులు.

"ఇది చెల్లదు" అన్నాడు బిపిన్,
"నిజం జంతువు. కార్డుల్లో నిజంవి ఉండవు."
"రాత్రప్పుడు చూసావేటి నువ్వు?" అన్నాడు మితున్.
చూసినవాడు అక్కడ ఇంకెవడూ లేడు.

"సర్లే, గడి ఖాళీగా ఉంది. ప్రాణం ఎంత?"
పెన్ను మూత పళ్ళతో లాగి రాశాడు: 2.
పగలబడి నవ్వారు.
ఇంతేసి ఏనుగుకి రెండేటిరా,
మన దోమరాజుక్కూడా ముప్ఫై ఉంది!
వాడు మూత పెట్టి, పెన్ను నా చేతికిచ్చి,
"దానివి కావు.
అది తీసినవి" అన్నాడు.

రైలు గేటు పడింది.
నేను చిల్లర లెక్కపెట్టుకుంటున్నట్టు తల దించాను.
ఈ కొట్లో మేకు నుంచి మెమరీ కార్డు దాకా
దేని రేటడిగినా నిద్రలో కూడా చెబుతాను.

దండాసి గట్టు మీద బాసిపట్టు వేసుకుని
జేబులోంచి మంటతోకని తీశాడు.
"రా, ఆడదాం."

ఆటకి నియమం ఒక్కటే, పెద్ద అంకె గెలుస్తుంది.
సిమెంటు మీద రెండు ముక్కలూ ఎదురుబొదురు పడ్డాయి.
రెండొందల నలభై. రెండు.
కాసేపు ఎవరికీ నోరు రాలేదు.
తర్వాత, నియమం నియమమే కనక,
ఏనుగు ఓడిపోయింది.

దండాసి దాన్ని బోర్లా తిప్పాడు.
వెనక ఎవరిదో పెళ్ళి,
పసుపు చుక్క, సగం తెగిన ముహూర్తం,
సకుటుంబ సపరివార సమేతంగా.

మితున్ ముక్కని వెల్లకిలా తిప్పుకుని
అంచులు గట్టుకి సరిచేసి పెట్టి
"మళ్ళీ" అన్నాడు.
మళ్ళీ ఓడింది.
"మళ్ళీ."
ఈసారి వాడి పళ్ళు కనబడ్డాయి.

గుణుపురం బండి వచ్చింది, పోయింది.
చీకటి పడుతోందని బయటి లైటు వేశాను.
అంకెలు కనబడాలి కదా వాళ్ళకి.